లేని నవలకు సమీక్ష

ఆ గురువారం పొద్దున జీవరత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నర బస్సు ఆళ్లగడ్డలో కదిలే ముందు కండక్టరు ఇస్సాకు చేతిలో రెండు కవర్లు పెట్టాలి. ఒకటి నంద్యాలలోని "కుందేటి కబురు" వారపత్రిక అచ్చాఫీసుకు. రెండోది అదే ఊళ్లో చర్చి ఆవరణలో ఉన్న పఠనమందిరానికి. ఆ తర్వాత ఇంటికొచ్చి చద్దన్నం తిని, బడికి పోయి, ఎనిమిదో తరగతికి సంధులు చెప్పుకోవాలి. పైకి చూస్తే ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. కానీ రెండో కవరును ఇచ్చే ముందు అతను రెండుసార్లు జేబులో పెట్టి మళ్లీ తీశాడు. ముప్పై తొమ్మిదేళ్ల జీవితంలో అంతకు మించిన సాహసం అతను ఇంకొకటి చేసి ఉండలేదు.

జీవరత్నం తెలుగు అయ్యవారు. ఆ పత్రికకు పుస్తక సమీక్షలు రాయడం మొదలుపెట్టి, ఈ పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదికి ఆరేళ్లు. సంపాదకుడు లక్ష్మీనరసింహం అహోబిలం పండితుల ఇంట పుట్టి, నంద్యాలలో అచ్చాఫీసు పెట్టుకున్న మనిషి. నాలుగు పేజీల పత్రికలో మూడో పేజీని ఎట్లా నింపాలో తెలియక సమీక్షల శీర్షిక పెట్టాడు. పుస్తకాలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. ఒక వారం ఖండకావ్యం, ఒక వారం నాలుగు శవాలున్న డిటెక్టివ్ నవల, ఒక వారం వేరుశెనగ తెగుళ్లు. అన్నిటినీ మూటకట్టి ఆళ్లగడ్డ బస్సులో వేసేవాడు.

జీవరత్నం దేన్నీ కాదనేవాడు కాదు. చదవకుండా ఒక్క వాక్యం రాసేవాడూ కాదు. వంటల పుస్తకం వస్తే వండుకొని తిని రాశాడు. హోమియో వైద్యం పుస్తకం వస్తే లేని దగ్గుకు మందు వేసుకొని రాశాడు. గొర్రెల పెంపకం మీద పుస్తకం వచ్చినప్పుడు ఇంట్లో గొర్రె లేదు గనక, ఊరి బయట మంద దగ్గర రెండు సాయంత్రాలు కూర్చొని, కాపరిని ప్రశ్నలతో విసిగించి, ఆ తర్వాతే కలం పట్టాడు. కవిత్వమైనా కలుపు మందైనా అతని సమీక్షలన్నీ ఒకే వాక్యంతో ముగిసేవి: "అక్కడక్కడా ఉన్న లోపాలను మలి ముద్రణలో సవరించుకోగలరు."

సమీక్ష అచ్చయ్యాక ఆ పుస్తకాలను అతను ఇంట్లో ఉంచుకోలేదు. శనివారం బడి ఒంటిపూట. బడి వదలగానే బస్సెక్కి నంద్యాల పోయి పఠనమందిరానికి ఇచ్చి వచ్చేవాడు. ఆ మందిరాన్ని చూసుకునేది రూతు. పక్కనే ఉన్న బళ్లో టీచరు. ముప్పై నాలుగేళ్లు. తండ్రి పోయాక తల్లి హన్నమ్మను చూసుకుంటూ, పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే తర్వాత చూద్దామంటూ అట్లాగే ఉండిపోయింది.

"ఏందీ సార్ ఈ వారం?" అనేది రూతు.

జీవరత్నం చెప్పేవాడు. హంతకుడు ఎట్లా దొరికాడో, కవి ఎక్కడ దొరికిపోయాడో, వేరుశెనగ ఆకుకు మచ్చలు ఎందుకొస్తాయో. ఆమె ముద్ర వేస్తూ, రిజిస్టర్లో ఎక్కిస్తూ వినేది, నవ్వేది, ఒక్కోసారి కాదని వాదించేది. అంతా కలిసి పదిహేను నిమిషాలు. ఆ తర్వాత తిరుగు బస్సు.

ఆ పదిహేను నిమిషాల కోసం అతను మిగిలిన వారమంతా బతికేవాడు. ఈ సంగతిని ఇంకో రకంగా చెప్పడానికి లేదు. మొదట్లో తమ్ముళ్ల చదువులు అయ్యేదాకా నోరు విప్పకూడదనుకున్నాడు. చదువులు అయ్యాక ఇంకో భయం పట్టుకుంది. అడిగితే, ఆమె కాదంటే, ఆ పదిహేను నిమిషాలు కూడా పోతాయి. అందుకని ప్రతి శనివారం పుస్తకాల గురించి మాట్లాడి, అసలు మాట గొంతులోనే పెట్టుకొని తిరిగి వచ్చేవాడు. బయట ఎండ కాసినా వాన పడినా బస్సులో అతనికి తెలిసేది కాదు.

కిందటి శనివారం హన్నమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంది.

"నాయనా, పాపకు కొత్తపల్లె నుంచి సంబంధమొచ్చిండాది. దేవరాజంట పేరు. పంచాయతీ సమితి ఆఫీసులో పని. ఇంకా పదైదు దినాలకు, ఆదివారం, చూసేకి వస్తారంట. నువ్వు పుస్తకాల మంచీ చెడ్డా అంత బాగా చెప్తావు గదా, ఆ పిల్లోడి మంచీ చెడ్డా కూడా కొంచెం కనుక్కో అప్పా."

ఆరేళ్లలో అన్ని రకాల పుస్తకాలు చూసిన జీవరత్నానికి ఇట్లాంటిది ఎప్పుడూ సమీక్షకు రాలేదు. "సరేమ్మా" అన్నాడు. కాఫీ ఎట్లా ఉందో తెలియలేదు. బల్ల దగ్గర రూతు తల ఎత్తకుండా ఒకే పుస్తకానికి మూడుసార్లు ముద్ర వేసింది.

బుధవారం బడి అయ్యాక అతను తలుపు వేసుకొని ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. "రూతు గారికి" అని మొదలుపెట్టి ఏడు కాగితాలు చించాడు. మామూలు ఉత్తరమే సరిగా రాయలేనివాడికి ఇట్లాంటి ఉత్తరం ఎక్కడ వస్తుంది? చేతికి అలవాటైన రాత ఒక్కటే ఉంది. ఎనిమిదో కాగితం మీద, తనకు తెలియకుండానే, "శనివారం బస్సు: నవల" అని రాసి కింద గీత గీశాడు. ఇక కలం ఆగలేదు.

"ఈ నవలలో చెప్పుకోదగ్గ కథ లేదు. ఒక మనిషి శనివారం బస్సెక్కుతాడు. ఒక ఊళ్లో దిగుతాడు. ఒకామెకు పుస్తకాలిచ్చి, పుస్తకాల గురించే మాట్లాడి తిరిగి వస్తాడు. ఆరేళ్లు ఇదే. అయినా ఒక్క పుట వదలబుద్ధి కాదు. ఆమె అన్న నాలుగు మాటలను తిరుగు ప్రయాణమంతా నెమరు వేసుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయిన రోజులు కూడా ఇందులో ఉన్నాయి. నాయకుడి నోట మాట రాకపోవడం ఈ నవలలోని పెద్ద లోపం. నాయికకు ఏమీ తెలియదు. చివరి అధ్యాయం లేదు. పై ఆదివారం లోపల నాయకుడు దాన్ని రాయకపోతే ఇంకొకరు వచ్చి రాసి పోతారు. వెల: చెప్పలేము. ప్రతులకు: పఠనమందిరం, చర్చి ఆవరణ, నంద్యాల."

చదువుకొని చూశాడు. ఆమెకు అర్థమవుతుంది, ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు అనిపించింది. కవరులో పెట్టి, అన్నం మెతుకుతో అంటించాడు. పైన పేరు రాయబోయి ఆగాడు. ఇస్సాకుది కూడా అదే చర్చి. పెళ్లికాని టీచరమ్మకు ఒక మగమనిషి పేరు రాసి కవరు పంపాడంటే, ఆ కవరు చేరకముందే సంగతి పాస్టరు అయ్యగారికి చేరుతుంది. అందుకని ఉత్త కవరే ఇచ్చి, "ఇది అచ్చాఫీసుకు, ఇది పఠనమందిరానికి" అని రెండుసార్లు చెప్పాడు.

"తెల్సులే సార్" అన్నాడు ఇస్సాకు.

ఇస్సాకుకు తెలిసిందల్లా ఒక్కటే. ఆరేళ్లుగా ఈ సార్ ఇచ్చిన ప్రతి కవరూ అచ్చాఫీసుకే పోయింది. నంద్యాలలో దిగాక చూస్తే ఒక కవరు మీద పేరుంది, ఒకదాని మీద లేదు. పేరు లేనిది పేరున్నదానికి తోడు కాబోలనుకొని రెండూ లక్ష్మీనరసింహం బల్ల మీద పడేసి చేతులు దులుపుకున్నాడు.

ఆ వారం ఒక టైర్ల షాపు వాళ్లు ప్రకటన ఇస్తామని చెప్పి ఇవ్వలేదు. మూడో పేజీలో జానెడు ఖాళీ నోరు తెరుచుకొని ఉంది. లక్ష్మీనరసింహం ఉత్త కవరు చించి, పైన "నవల", కింద "వెల", ఇంకా కింద "ప్రతులకు" అని చూశాడు. మధ్యలో ఏముందో చూడాల్సిన పని లేదు, జీవరత్నం రాత మీద ఆయనకు అంత నమ్మకం. కంపోజింగుకు ఇచ్చేశాడు.

శనివారం బస్సులో జీవరత్నం మనసు మనసులో లేదు. ఉత్తరం అంది రెండు రోజులైంది. ఆమె ఏమంటుంది? తల ఎత్తి చూస్తుందా? అసలు మందిరం తలుపు తెరిచి పెడుతుందా? శిరివెళ్ల దగ్గర ఎక్కిన ఒక పెద్దమనిషి పక్కన కూర్చొని "కుందేటి కబురు" విప్పాడు. కాసేపటికి ముక్కు చీదుకున్నాడు.

"చూసినావాప్పా ఈ నవల సంగతి? పాపం ఎవరో మహానుభావుడు. నేనైతే మొదటి వారమే అడిగేసి ఉందు."

జీవరత్నం వంగి చూశాడు. తన అక్షరాలే. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేకుండా వేశారు. దూకేద్దామనుకున్నాడు గానీ బస్సు మంచి ఊపు మీద ఉంది.

పఠనమందిరం వసారాలో ఎప్పుడూ రెండు జతల చెప్పులు ఉండేవి. ఆ రోజు అడుగు పెట్టడానికి చోటు లేదు. లోపల పదకొండు మంది రూతును చుట్టుముట్టి ఉన్నారు. బ్యాంకు గుమాస్తా ఒకడు, కంపౌండరు ఒకడు, సంజామల నుంచి పని మీద వచ్చిన ఓబులమ్మ అనే ఆమె, ఇంకా ఎవరెవరో.

"సార్ వచ్చినారు" అంది రూతు. "పొద్దున్నుంచీ ఒకరెనక ఒకరు వస్తాండారు సార్. ప్రతులకు అని మా అడ్రసు ఏసినారు. యాడుంది సార్ పుస్తకం?"

ఆ పదకొండు మంది లేకపోతే అతను నిజం చెప్పేవాడేమో. వాళ్లందరూ ఒక్కసారిగా ఇటు తిరిగేసరికి చదవని పుస్తకం గురించి ఎన్నడూ మాట్లాడనివాడు, లేని పుస్తకం గురించి మాట్లాడాడు.

"వస్తాది... బైండింగులో ఉండాది."

"రాసిందెవరు సార్?" అన్నాడు గుమాస్తా.

"పేరు చెప్పేది ఆయనకు ఇష్టం లేదు."

"అంటే మీకు తెల్సన్న మాట!" అంది ఓబులమ్మ. "ఒక్క మాట చెప్పు సామీ, ఆయప్ప అడిగినాడా లేదా చివరికి?"

"నాకు... అంతగా పరిచయం లేదు" అన్నాడు జీవరత్నం.

అందరూ వచ్చే శనివారం వస్తామని చెప్పి పోయారు. రూతు రిజిస్టరు మూసి అతని వైపు చాలాసేపు చూసింది. "బాగా రాసినారు సార్" అంది.

"నవలనా?"

"నవల నేను యాడ చదివినా? సమీక్ష."

అది మెచ్చుకోలో, కోపమో, జాలో అతనికి అర్థం కాలేదు. కవిత్వంలో నాలుగో అర్థం దాకా లాగగలిగినవాడికి ఆ ఒక్క ముక్క అందలేదు. ఎప్పటి పదిహేను నిమిషాలు ఆ రోజు నాలుగు నిమిషాలకే అయిపోయాయి.

అక్కడి నుంచి నేరుగా అచ్చాఫీసుకు పరుగెత్తాడు. లక్ష్మీనరసింహం ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు.

"ఏం సమీక్షప్పా! పత్రిక ఒక్కటి మిగల్లేదు. మళ్లా అచ్చేస్తాండా."

"సార్, అది నవల కాదు."

"నవలిక అంటావా? ఏదైతేనేం, జనం అడుగుతాండారు."

"కాదు సార్. అసలు అట్లాంటిది లేదు."

"అప్పుడే అయిపోయినాయా!" లక్ష్మీనరసింహం మొహం వెలిగిపోయింది. "మొదటి ముద్రణ చెల్లిపోయిందని వచ్చే వారం పెద్దక్షరాల్లో ఏస్తా. నువ్వు ఆ రచయితను పట్టుకో."

జీవరత్నం మూడోసారి నోరు తెరిచేలోగా రంగనాథం గారు లోపలికి వచ్చారు. ఆయన రిటైరైన లెక్చరరు. నంద్యాలలో ఏ పుస్తకం పేరు ఎత్తినా ఆయన చదివే ఉంటారు. చదవలేదు అనే మాట ఆయన నోటి నుంచి విన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు.

"శనివారం బస్సు గదా? పోయిన నెల్లోనే చదివినా" అన్నారు కుర్చీ లాక్కుంటూ. "జీవరత్నం మరీ నెత్తికెత్తుకున్నాడు. అది ఒక విదేశీ నవలకు అనుసరణ. ఆడ రైలు, ఈడ బస్సు. అంతే తేడా."

"మీరు... చదివినారా?" అన్నాడు జీవరత్నం.

"రెండుసార్లు."

లక్ష్మీనరసింహం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పత్రికలవాళ్లకు ఇట్లాంటి చోట కడుపు నిండుతుంది. "అయితే చర్చ పెట్టాల్సిందే" అన్నాడు. "వచ్చే శనివారం సాయంత్రం నాలుగ్గంటలకు, పఠనమందిరంలోనే. రచయిత కూడా వస్తారని ఏస్తా."

ఆ వారం ఆళ్లగడ్డలో జీవరత్నానికి అన్నం సహించలేదు. లక్ష్మీనరసింహానికి ఫోను చేసి నిజం చెప్పేద్దామని రెండుసార్లు పోస్టాఫీసు దాకా పోయాడు. నవల లేదని చెబితే ఆ రాసింది ఏమిటని అడుగుతారు. ఏమిటో చెబితే రూతు పేరు నంద్యాల బజారులో నలుగురి నోట్లో పడుతుంది. అది అతనికి ప్రాణం పోయినా ఇష్టం లేదు. పోనీ ఊరుకుందామా అంటే ఆదివారం దగ్గరకు వస్తోంది. దేవరాజు గురించి కనుక్కున్నాడు కూడా. మాట ఇచ్చాడు కదా. బీడీ లేదు, పేకాట లేదు, తల్లిని బాగా చూసుకుంటాడు, ఆఫీసులో అందరికీ మంచివాడు. ఎంత వెతికినా మలి ముద్రణలో సవరించుకోవాల్సింది ఒక్కటి కనబడలేదు. జీవరత్నానికి ఏడుపొచ్చింది.

పత్రిక నుంచి బస్సులో పాఠకుల ఉత్తరాల కట్ట వస్తూనే ఉంది. నాయకుడు అచ్చం తన మరిదిలాగే ఉన్నాడని ఒకావిడ రాసింది. శనివారం బదులు సోమవారం పెట్టి ఉంటే శివుడికి ప్రీతిగా ఉండేదని మహానంది నుంచి ఒక భక్తుడు సలహా ఇచ్చాడు. ఆ కట్ట అందిస్తూ ఇస్సాకు మొహం ముడుచుకున్నాడు.

"మా బస్సు మీద ఏమో నవల రాసినారంట గదా సార్. లేటని రాసినారా?"

"లేదు ఇస్సాకూ. బస్సు ఎప్పుడూ టయానికే వచ్చింది. మనిషే లేటు."

"అయితే సరే" అన్నాడు ఇస్సాకు.

శనివారం నాలుగు గంటలకు పఠనమందిరంలో నలభై మంది కూర్చున్నారు, వసారాలో ఇంకో ఇరవై మంది నిలబడ్డారు. ముందు వరసలో హన్నమ్మ. ఆమె పక్కన ఇస్త్రీ నలగని టెరికాట్ చొక్కాలో, ముఖాన చెమటతో, ఒక కొత్త మనిషి. దేవరాజు. ఆదివారం చూడ్డానికి రావాల్సినవాడు, ముందు రోజు సభ ఉందని తెలిసి ఒక రోజు ముందే దిగాడు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి అతనికి ఒక్కటే సలహా ఇచ్చి పంపాడు: "పిల్లకు పుస్తకాలంటే ప్రాణం. నువ్వు కూడా చదువుతావని తెలిసేటట్టు చూసుకో."

జీవరత్నం ఆఖరి వరసలో గోడకు అతుక్కొని కూర్చున్నాడు. రూతు బల్ల పక్కన నిలబడి ఉంది. అతని వైపు చూడలేదు.

రంగనాథం గారు నలభై నిమిషాలు మాట్లాడారు. నవలలో రెండో భాగం సాగదీసినట్టుందన్నారు. భాష కొంచెం గ్రాంథికమన్నారు. నాయిక తల్లి పాత్రకు న్యాయం జరగలేదన్నారు. లక్ష్మీనరసింహం వెనకబడకూడదని, తాను ప్రూఫులోనే చదివానన్నాడు. బ్యాంకు గుమాస్తా లేచి, తన బావమరిది దగ్గర ఒక ప్రతి ఉందన్నాడు. జీవరత్నం నోరు తెరుచుకొని వింటున్నాడు. వీళ్లందరూ చదివేసిన నవలను తానొక్కడే చదవలేదేమో అనే అనుమానం అతనికే పుట్టింది.

"ఇప్పుడు కొత్తపల్లె నుంచి వచ్చిన సాహిత్యాభిమాని దేవరాజు గారు నాలుగు మాటలు చెప్తారు" అన్నాడు లక్ష్మీనరసింహం.

దేవరాజు లేచాడు. రూతు వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నేను కూడా చదివినా. పట్టుకుంటే వదల్లేకపోయినా. చివర్లో ఆ మనిషి బస్సు కింద పడి చచ్చిపోతాడు చూడండి, ఆడ నాకు ఏడుపు ఆగలేదు."

వసారాలోంచి ఇస్సాకు గంతేసి లోపలికి వచ్చాడు. "మా బస్సు కిందనా? ఎవరప్పా చెప్పింది? ఈ ఆరేండ్లలో మా బస్సు కింద కోడి కూడా పళ్లేదు!"

"ఆ చావు ప్రతీకాత్మకం" అన్నారు రంగనాథం గారు.

"ఏ ఆత్మకమైనా మా డ్రైవరు ఒప్పుకోడు!"

సభ గోల గోల అయింది. "రచయిత ఏడీ?" అని ఓబులమ్మ, "రచయితనే చెప్పమనండి" అని ఇంకొకరు అరిచారు. లక్ష్మీనరసింహం చేతులెత్తి అందరినీ కూర్చోబెట్టి, గత్యంతరం లేక, "ఇప్పుడు వందన సమర్పణ" అన్నాడు.

వందన సమర్పణ మందిరం చూసుకునే రూతుది. ఆమె ముందుకు వచ్చి కొంగు సర్దుకుంది. చేతిలో రిజిస్టరు ఉంది.

"అందరికీ వందనాలు. మాట్లాడిన పెద్దలకు వందనాలు. ఒక మాట చెప్పి ముగిస్తా. ఈ మందిరానికి వచ్చిన ప్రతి పుస్తకమూ ఇందులో ఉంటాది. శనివారం బస్సు రాలేదు. ఈడికే కాదు, యాడికీ రాలేదు. అట్లాంటి నవల లేదు."

రంగనాథం గారు పైకప్పు వైపు చూడటం మొదలుపెట్టారు. దేవరాజు మెల్లగా కూర్చున్నాడు.

"నేను చదివింది సమీక్ష ఒక్కటే. పదకొండుసార్లు చదివినా. జీవరత్నం సార్ చదవకుండా ఒక్క మాట రాయరని ఈ తాలూకా అంతా పేరు. నేనూ అట్లే నమ్మినా. కానీ ఇందులో ఒక మాట చదవకుండా రాసినారు." ఆమె రిజిస్టరులో దాచిన పత్రిక ముక్క తీసింది. "నాయికకు ఏమీ తెలియదు అని రాసినారు. ఎట్ల తెల్సు సార్ మీకు? నాయికను అడిగినారా?"

అరవై తలలు వెనక్కు తిరిగాయి. జీవరత్నం లేచి నిలబడ్డాడు. లేచానని అతనికి తెలియదు.

"అడగలేదు."

"మరి అడగండి."

ఆరేళ్లుగా గొంతులో ఉన్న మాట అప్పుడైనా రావాలి. రాలేదు. అలవాటైనదే వచ్చింది. "అక్కడక్కడా ఉన్న లోపాలను మలి ముద్రణలో..."

"మలి ముద్రణ దాకా నేను ఆగలేను సార్" అంది రూతు. కళ్లు నిండిపోయాయి ఆమెకు. "ఆరేండ్లు ఆగినా."

అప్పుడు వచ్చింది మాట. గారు లేకుండా, మీరు లేకుండా, ఆ గదిలో అందరికీ వినబడేటట్టు.

"నన్ను చేసుకుంటావా రూతూ?"

"చేసుకుంటా" అంది ఆమె. వెంటనే రిజిస్టరు మూసి, "సభ ముగిసింది. కాఫీ ఉండాది, అందరూ తాగి పోండి" అని లోపలికి వెళ్లిపోయింది.

ముందు తేరుకున్నది దేవరాజు. "అంటే... ఆయన చావడా?" అన్నాడు హన్నమ్మతో, నిజంగానే.

"చావడు నాయనా" అంది హన్నమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు మంచోడివే. లేనిపోనిది చదవాకు. కూర్చో, కాఫీ తాగు."

ఆ సాయంత్రం బస్సును ఇస్సాకు పది నిమిషాలు ఆపాడు. వసారాలో ఒక స్తంభం ఇటు జీవరత్నం, అటు రూతు నిలబడ్డారు. మాట్లాడుకోవడానికి పుస్తకం ఒక్కటీ లేకపోవడం ఇద్దరికీ కొత్త.

"నీకు ఎప్పుడు తెల్సింది?" అన్నాడు చివరికి.

"రెండో ఏడు" అంది రూతు. "నువ్వు తెచ్చిన ప్రతి పుస్తకమూ చదివినా. హోమియోదీ, కలుపు మందుదీ అన్నీ. గొర్రెల పుస్తకం రెండుసార్లు చదివినా. నాకు గొర్రెలు ఉన్నాయా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావేమోనని శనివారం శనివారం కాసుకొని కూర్చుంటి." ఆమె నవ్వబోయి ఏడ్చింది. "నువ్వేమో వేరుశెనగ ఆకు మచ్చలు చెప్తాంటివి."

జీవరత్నం మనసులో లెక్క వేసుకున్నాడు. మూడువందల శనివారాలు. ఒక్కో దానిలో తాను ఆ బల్లకు ఇటు పక్క ఎంత తపించాడో, అటు పక్క కూడా అంతే జరిగిందని ఇప్పుడు తెలిస్తే సంతోషించాలో, పోయినవాటికి ఏడవాలో అతనికి తోచలేదు. రెండూ చేశాడు. ఇస్సాకు హారన్ కొట్టాడు.

చర్చిలో వరసగా మూడు ఆదివారాలు వాళ్ల పెళ్లి ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చని పాస్టరు అయ్యగారు అడిగినప్పుడల్లా అందరూ తలుపు వైపు చూశారు, రంగనాథం గారు వస్తారేమోనని. ఆయన రాలేదు. పెళ్లికి మాత్రం వచ్చి మొదటి బంతిలో భోంచేశారు. జీవరత్నం నంద్యాలకు బదిలీ చేయించుకొని, శనివారం బస్సెక్కడం మానేశాడు.

ఆ నెల నుంచి "కుందేటి కబురు" మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక కొత్త గమనిక వచ్చేది: "సమీక్షకు పంపే పుస్తకాలు ఏ రకానివైనా సరే, రెండేసి ప్రతులు పంపగోరుతున్నాము, ఒక్క ప్రతితో సమీక్షకుల ఇంట్లో శాంతిభద్రతలకు ఇబ్బంది కలుగుతున్నది."